గుండ్రటి గుడ్డ మీద బ్యూటేన్

పెడనలో కలంకారీ అచ్చులు వేసే సరళకి ఈమధ్య ఏది చూసినా హైడ్రోకార్బనే. స్టవ్ వెలిగిస్తూ ప్రొపేన్, బ్యూటేన్ అంటుంది. కరెంటు పోయి కొవ్వొత్తి ముట్టిస్తే, ఇదీ ఆ వంశమేనండోయ్, కార్బన్ల గొలుసు పొడుగెక్కేసరికి గ్యాసు కాస్తా గడ్డకట్టి కూర్చుంది అంటుంది. ఇంటిల్లిపాదీ చెవులు మూసుకోవడం ఒక్కటే తక్కువ.

ఎందుకంటారా? పెళ్లికి ముందు ఇంటర్లో కెమిస్ట్రీ తన్నేసింది. నలభై దాటాక ఓపెన్ స్కూల్లో కట్టి తక్కినవన్నీ గట్టెక్కించింది గానీ ఈ మహాతల్లి మాత్రం మళ్లీ మొండికేసింది. ఈ వయసులో ఈ గోలేంటని అత్తగారు సంతోషమ్మ సణుగుతుంటే సరళకి పౌరుషమొచ్చి, ఈసారి తప్పితే మళ్లీ పుస్తకం ముట్టనని మాటిచ్చేసింది. ఇచ్చాక నాలిక్కరుచుకుంది. డిగ్రీ చదవాలని ఆవిడకి ప్రాణం మరి.

పాఠం చెప్పేది కూతురు సుష్మిత, బందరులో ఇంటర్ చదువుతోంది. ఎన్ని కార్బన్లకి ఎన్ని హైడ్రోజన్లో చెప్పే సూత్రం ఎంత చెప్పినా ఎక్కనిది, సరళకి తను గుడ్డ అంచున వేసే బోర్డరుతో ఎక్కింది. ఒక్కో తీగ అచ్చు ఒక కార్బన్ అనుకోండి. పైనొక ఆకు, కిందొక ఆకు, అవి రెండు హైడ్రోజన్లు. తీగ మొదట్లో ఒక మొగ్గ, చివర ఒక మొగ్గ పెట్టి ముగిస్తారు కదా, అవి ఇంకో రెండు. నాలుగు అచ్చులకి పది, అదే బ్యూటేన్. ఆ సంబరంలో కనిపించినదానికల్లా రెండు కలిపెయ్యడం మొదలెట్టింది. సైక్లోబ్యూటేన్‌కీ పదే రాసింది. సుష్మిత తప్పంటే, అక్కడా కార్బన్లు నాలుగే కదా, నీకే రాదు పొమ్మంది.

పరీక్ష ముందురోజు గుండ్రటి టేబుల్ క్లాత్ చేతికొచ్చింది. నోట్లో బ్యూటేన్, చేతిలో అచ్చు. చుట్టూ తీగ వేసుకుంటూ వచ్చి, కలపాల్సిన చోట ఆపి, అటొక మొగ్గ, ఇటొక మొగ్గ ఠపీఠపీమని కొట్టేసింది.

భర్త పిచ్చేశ్వరరావు అది చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏమే, గుండ్రటిదానికి చివరెక్కడుంది, మొగ్గలు పెట్టడానికి?"

సిగ్గుపడాల్సింది పోయి సరళ ఎగిరి గంతేసింది. సైక్లోబ్యూటేనూ ఇలా గుండ్రంగా కలిసిపోయిన గొలుసే, చివర్లు లేవు, కాబట్టి మొగ్గల్లేవు, కాబట్టి ఆ రెండు హైడ్రోజన్లూ లేవు. ఎనిమిదే! రంగు చేతులతోనే మొగుడి బుగ్గలు పట్టుకుని ఊపేసి, సుష్మితకి చెప్పడానికి లోపలికి పరిగెత్తింది. ఆయన నల్లటి బుగ్గలతో అక్కడే నిలబడి, పాడైన గుడ్డ సంగతి అడగాలో వద్దో తేల్చుకోలేకపోయాడు.

మర్నాడు పరీక్ష గుడివాడలో. పెంటేన్ ద్రవం, నీళ్లలో కరగదు, పైకి తేలుతుంది, గొలుసు పెరిగేకొద్దీ మరిగే వేడీ పెరుగుతుంది అని బస్సులో కళ్లు మూసుకుని గొణుగుతుంటే, పక్కసీటావిడ ఏ స్తోత్రమో అనుకుని తనూ చేతులు జోడించింది.

ఫలితాలొచ్చిన రోజు ఫోన్ చూసి పాసయ్యావని సుష్మిత చెప్పింది. సరళ అచ్చులు వేసే బల్ల పక్కనే కూలబడిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలీలేదు. సంతోషమ్మ వచ్చి కోడలి మొహం కొంగుతో తుడిచి, డిగ్రీకి ఎప్పుడు కడుతున్నావని అడిగింది. సరళ నోరెళ్లబెట్టి చూసింది.

"అలా చూస్తావేం? తప్పినా మళ్లీ కట్టమందామనే అనుకున్నాను. నువ్వు చదువుతుంటే వినడం నాకు అలవాటైపోయింది."