పెట్టె మీద 3200, తెర మీద 1333

తర్లుపాడులో నా ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌ల పని నత్తనడకన సాగుతోందని మార్కాపురంలో కంప్యూటర్‌కు కొత్త మెమరీ వేయించాను. పెట్టె మీద వేగం 3200 అని ఉంది. ఇంటికొచ్చి వేగం చూపే సాఫ్ట్‌వేర్ తెరిస్తే 1333 అంది. మరునాడు పొద్దున్నే సీపీయూను ఆటోలో ఒళ్లో పెట్టుకుని దుకాణానికి వెళ్లాను.

"ఇంకా బోణీ కాలేదన్నా. పంచాయితీ తర్వాత పెట్టుకుందాం, కూర్చో" అన్నాడు దుకాణం భాయ్.

కూర్చున్నాను. ఎవరూ రాలేదు. చివరికి అక్కర్లేని మౌస్ ప్యాడ్ ఒకటి నేనే కొన్నాను. నోటు కళ్లకద్దుకుని "ఇప్పుడు చెప్పన్నా" అన్నాడు. ఫిర్యాదులతో చాలాచోట్లకు తిరిగాను గానీ, బోణీ చేసి మరీ చెప్పుకోవడం అదే మొదలు.

అప్పుడే యర్రగొండపాలెం నుంచి ప్రింటర్ ఇంకు కోసం ఒకాయన వచ్చాడు. ఆయన ముందే నా సంగతి చెప్పాను. భాయ్ నవ్వాడు.

"అది సగమే చూపిస్తాదన్నా. లోపలి గడియారం ఒక టిక్కు కొడితే మెమరీ రెండుసార్లు పనిచేస్తాది. నువ్వు చూసింది ఉత్త టిక్కుల లెక్క. రెండింతలు చేసుకోవాల."

"పెండ్లి ఫోటోల్లో గూడా ఒకర్నే తీస్తాడేమో ఈ అన్న" అన్నాడు ఇంకు కోసం వచ్చినాయన. నవ్వుతూనే ఇంకు తీసుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

నేను ఫోనులో రెండింతలు చేశాను.

"భాయ్, 2666 వచ్చింది. మిగతాది ఏమైనట్టు?"

భాయ్ నవ్వు ఆపి సీపీయూకు తీగలు తగిలించాడు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఒక మీట నొక్కి సెట్టింగుల్లోకి వెళ్లాడు. అక్కడ ఎక్స్‌ఎంపీ అన్నచోట ఆఫ్ అని ఉంది. అది ఆన్ చేయకపోతే, ఎంత వేగం మెమరీ వేసినా కంప్యూటర్ దాన్ని తక్కువ వేగంలోనే జాగ్రత్తగా నడుపుకుంటుందట. ఆన్ చేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి 1600 చూపించింది.

"రెండింతలు చేసుకో. సరిపాయె కదన్నా?"

"వేగం సరిపోయింది. నేను చెప్పింది నిజమా, కాదా?"

"నిజమేలే. సెట్టింగ్ పెట్టేది మరిచిపోయినా."

"ఆ మాట ఇంకు కొన్నాయనకు చెప్పు."

"ఆయన బస్సెక్కి పోయినాడు. వెనక పరిగెత్తమంటావా ఏంది?"

"ఫోనుంది కదా."

భాయ్ ఇంకు బిల్లు మీద నంబరు చూసి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమన్నాను.

"ఏ అన్న? ఏం మెమరీ?" బస్సు చప్పుడులోంచి ఆయన గొంతు వచ్చింది. "ఇంకు డబ్బులు ఇచ్చినా కదా భాయ్?"

వదిలేద్దామా అన్నట్టు భాయ్ చేత్తో సైగ చేశాడు. మొదటినుంచి చెప్పమన్నాను.