పెన్న మడుగు నీళ్లకు పరీక్ష

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో నేను పులివెందులలో సైన్సు పంతులుగా ఉండేవాణ్ణి. దసరా సెలవుల్లో మా బడి పిల్లలను జమ్మలమడుగు తీసుకుపోయి, పెన్న మడుగులో ఈత నేర్పించాను. తిరిగొచ్చిన వారంలోనే ముగ్గురికి విరేచనాలు, జ్వరం. ఒకడు చావు తప్పి బయటపడ్డాడు. కోలుకోగానే వాడి తల్లి వాణ్ణి మళ్లీ నా బడికే పంపింది. అదే నన్ను ఎక్కువ బాధించింది. మళ్లీ పిల్లలను దించేముందు ఆ నీళ్లను పరీక్ష చేయించాలనుకున్నాను. కడప ప్రయోగశాలలో తెలిసినాయన, ఉడకబెట్టి మూత బిగించిన రెండు సీసాలు పంపాడు.

పులివెందులలో ఉదయం ఆరింటికి బస్సెక్కితే ముద్దనూరు మీదుగా తొమ్మిదికల్లా జమ్మలమడుగు చేరతాం. టికెట్టు రూపాయిలోపే. బస్సు దిగి అరగంట నడిస్తే ఏరు. మా పిల్లలకు ఈత నేర్పిన ఖాదర్ మామ ఒడ్డున, నీళ్లలో తేలడానికి నడుముకు కట్టే సొరబుర్రలు ఆరబెడుతున్నాడు. అరవై దాటిన మనిషి. వరదలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నప్పటి నుంచి, అడిగినవాళ్లందరికీ ఊరికే ఈత నేర్పుతున్నాడు.

“ఏంది సారూ, సీసాలు తెచ్చినారు?”

“నీళ్లు పరీక్షకు పంపాల మామా. పోయిన తూరి పిల్లోళ్లకు జబ్బు చేసింది.”

ఆయన ముఖం వాడిపోయింది. “నా మడుగులోనా? అడుగున ఇసక గూడా కనపడతాండాది గదా! బాగలేవంటే ఈత ఆపేయాల్నా?”

నేను ఎగువకు చెయ్యి చూపించాను. మడుగుకు కాస్త ఎగువన ఊరి మురుగు ఏట్లో కలుస్తోంది. మోచేతి లోతున, మూతి ప్రవాహానికి ఎదురుగా పెట్టి మడుగులో ఒక సీసా నింపాను. రెండోది ఖాదర్ మామే తీసుకుని, మురుగు కలిసే చోటు దాటి పైకి నడిచి, నేను చూపినట్టే నింపుకొచ్చాడు.

సీసాలను తడిగోనెలో చుట్టుకుని ప్రొద్దుటూరు చేరాను. దారిలో నీళ్లలో క్రిములు పెరగకుండా అక్కడ సోడా అంగట్లో ఐసు కొని, రంపపు పొట్టులో సర్దాను. మైదుకూరు మీదుగా కడప పోయే బస్సు కండక్టరు అనుమానంగా చూశాడు.

“ఏందప్పా, సారాయా?”

“ఏటి నీళ్లు.”

“ఏటి నీళ్లకు ఐసు పెట్టేటోణ్ణి నిన్నే చూస్తాండా!”

సాయంత్రం నాలుగింటికి సీసాలు కడపలో అప్పగించాను.

వారానికి జవాబొచ్చింది. మడుగు నీళ్లు ఈతకు పనికిరావు, మురుగుకు ఎగువ నీళ్లు పనికొస్తాయి. ఆదివారం పోయి ఖాదర్ మామకు చదివి వినిపించాను.

“ఆ బిడ్డలకు నా చేతులతోనే జబ్బు తెచ్చినా గదా సారూ.”

“ఇద్దరమూ తెలీక చేసినాం మామా.”

ఆయన లేచి బుర్రలు భుజానేసుకున్నాడు. “పైకి పోదాం పాండి. ఆడ రాళ్లు శానా ఉండాయి. ముందు నేను దిగి చూస్తా.”

మధ్యాహ్నం దాకా నడుములోతు నీళ్లలో, కాళ్లతో రాళ్లు తడుముతూ తిరిగాడు. చివరికి ఒక చోట నిలబడి, ఇక్కడైతే మేలని చెయ్యూపాడు. ఆ తర్వాత మా పిల్లలు అక్కడే ఈదారు. ఎవరికీ జబ్బు చేయలేదు.

ఆ ప్రయాణానికి ముందు తేట నీళ్లంటే మంచి నీళ్లేనని పిల్లలకు నేనే పాఠం చెప్పాను. నలభై ఏళ్లుగా ఈదుతున్న మడుగును ఒక్క ఉత్తరం విని వదిలిపెట్టడం ఎంత కష్టమో ఖాదర్ మామకు తెలుసు. అయినా వదిలాడు. మీరు ఈతకు వెళితే, దిగేముందు ఏటి ఒడ్డునే ఎగువకు కాసేపు నడిచి, ఏ మురుగు ఎక్కడ కలుస్తోందో చూసుకోండి. కొత్తనీరు వచ్చిన ప్రతిసారీ మళ్లీ నడవండి.