చిన్నరసం మీద కత్తి

మా మేనత్త పోయిందని పొద్దున్నే విస్సన్నపేట నుంచి ఫోన్ వచ్చింది. టీ తాగి, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే కన్నుమూసిందట. ఒకరిచేత చేయించుకోకుండా వెళ్లిపోయింది. ఏడ్చాను. కానీ ఆ ఇంటికి వెళ్లొచ్చాక నా గుండె తేలికపడింది కూడా. తప్పనుకోకండి, ఎందుకో చెబుతాను.

బడిపంతులమ్మగా రిటైరైన మనిషి. మార్కెట్ నుంచి ఏది తెచ్చినా ఉప్పునీళ్లలో నానాల్సిందే. ఆవిడ ఇంట్లో కాలీఫ్లవర్‌కి జరిగినన్ని స్నానాలు చిన్నప్పుడు మాకు జరగలేదు. మినహాయింపు రెడ్డిగూడెం దగ్గర మా మామిడితోట కాయలకే. చిన్నరసాన్ని చీరకొంగుతో తుడిచి, అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక తీసి సొన పిండేసి, తొక్కతోనే నోట పెట్టేది. ఎవరైనా కత్తి అడిగితే ఒప్పుకునేది కాదు. "రసాన్ని కోసుకు తినడమంటే చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడ్డమేరా" అనేది.

ఆవిడ మాట మీదే నేను తోటలో పురుగుమందు మానేసి, రోడ్డు పక్కన "మందు కొట్టని కాయలు" అని బోర్డు పెట్టాను. పోయిన ఏడాది పూతకి తేనెమంచు పురుగు పట్టింది. పూత నల్లబడుతుంటే భయమేసి మందు కొట్టించాను. పిందెల మీద ఇంకోసారి. బోర్డు మాత్రం తియ్యలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేను అబద్ధమాడలేదని సర్దిచెప్పుకున్నాను.

మే నెలలో చర్చిలో తొలిపంట కానుకల వేలం. మా బుట్ట అంటే పసిపిల్లల తల్లులు పోటీపడతారు. ఆరోజు ఎప్పుడూ నోరెత్తని మా అత్తయ్య పాట పెంచుకుంటూ పోయింది.

"మేనల్లుడి కాయలు మీకు ఊరికే వస్తాయి కదండీ టీచరుగారూ!" అని నవ్వారంతా.

"కొనుక్కుంటే రుచండీ" అంది. బుట్ట ఆవిడకే వచ్చింది.

ఇంటికొచ్చాక నన్ను కూర్చోబెట్టి, కాయలు మూడుసార్లు కడిగింది. వంటింట్లోంచి కత్తి తెచ్చింది. చిన్నరసానికి తొక్క తీయడం మొదలెట్టింది.

"పూతప్పుడు తోటకొచ్చాను కదా, చెట్టు మీద తేనెటీగల మోతే లేదేంటా అనుకున్నాను."

"అత్తయ్యా, పంట పోతుందని..."

"చెట్టుకి జబ్బు చేసింది, మందేశావు. దాన్ని తప్పనను. మరి ఆ బోర్డేంటి? పిల్లలు తొక్కతో చీకుతార్రా. అందుకే వేలంలో బుట్ట నేనే పాడుకున్నాను."

ముక్కలు నాకూ పెట్టింది, తనూ తింది. తిట్టి ఉంటే బావుండేది.

మర్నాడు బోర్డు మార్చాను: "ఈ ఏడు రెండుసార్లు మందు కొట్టాం. కడిగి, తొక్క తీసి తినండి." ఆగిన కార్లలో కొన్ని చదువుకుని వెళ్లిపోయాయి. ఒకావిడ మాత్రం "చెప్పారు కాబట్టి తీసుకుంటున్నానండి" అంది. చాలా కాయలు మిగిలిపోయాయి. అయినా ఆ బోర్డు ముందు తల దించుకోకుండా నిలబడగలిగాను.

ఈ ఏడు వేపనూనెతోనే నెట్టుకొచ్చాను. సగం పూత రాలిపోయింది, మిగిలింది నిలిచింది. మోకాళ్ల నొప్పులతో అత్తయ్య తోటకి రాలేకపోయింది. చూసి తెలుసుకునే వీలు లేదు, నా మాటే నమ్మాలి. పోయే ముందురోజు బుట్ట తీసుకెళ్లి, "ఈసారి కొట్టలేదత్తయ్యా" అన్నాను.

"సరే, అక్కడ పెట్టు" అంది.

నమ్మిందో లేదో ఆ గొంతులో తెలియలేదు. లోడు లారీ ఎదురుచూస్తోందని వచ్చేశాను. ఫోన్ వచ్చాక దారిపొడుగునా నన్ను తొలిచింది అదొక్కటే.

వెళ్లేసరికి పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. కుర్చీ పక్క కిటికీ గట్టు మీద సాసర్ ఉంది. అందులో తెల్లగా చీకేసిన టెంక, ముచ్చిక, ముక్కలు కాని ఒకే ఒక్క తొక్క. దాని మీద ఎక్కడా కత్తిగాటు లేదు.