తడి వేలు పెట్టని గుడ్డ

మొన్న మా అమ్మాయి పట్టుబట్టి కోవళం తీరానికి తీసుకెళితే, పెద్ద పెద్ద గాలిపటాలు ఎగరేసి, వాటి లాగుడుకు పలకల మీద నిలబడి అలల మీద దూసుకుపోయే పడుచువాళ్లను చూశాను. కొత్తగా నేర్చుకుంటున్న ఒక పిల్ల పడ్డ ప్రతిసారీ ఒడ్డున ఆమె అన్న కాబోలు, చప్పట్లు కొడుతున్నాడు. నేను చూడలేక ముఖం తిప్పుకున్నాను.

తొంభైల్లో గోడౌన్ వీధిలో మాకు గుడ్డల టోకు కొట్టు ఉండేది. మా మేనమామ ఎన్నూరులో, సముద్రపు నీళ్లు లోపలికొచ్చి నిలిచే ఉప్పుకయ్య ఒడ్డున కాపురముండేవాడు. ఎవరో ఓడవాళ్లు వదిలేసిన పలక ఒకటి, తెరచాప కట్టే కొయ్యతో సహా ఆయన ఇంటికి చేరింది. తెరచాప మాత్రం చివికిపోయింది. పలక మీద నిలబడి, తెరచాపను చేత్తో పట్టుకుని గాలివాటున పోయే ఆ ఆటను విండ్ సర్ఫింగ్ అంటారని తరవాత తెలిసింది. వారమంతా కొట్టులో పరుపు మీద కూర్చుని తానులు విప్పి చుట్టే నాకు, ఆదివారమైనా నా కాళ్ల మీద నేను నిలబడాలని పిచ్చి పట్టింది. నాన్నకు చెప్పే ధైర్యం లేక అన్నకు చెప్పాను. మన కొట్టుండగా గుడ్డకేం కరువని నవ్వి, అప్పడంలా పెళపెళలాడే తెల్లగుడ్డ తానే ఏరి తెరచాప కుట్టించి ఇచ్చాడు.

మా వ్యాపారంలో ఒక అలవాటుంది. ఎవరు తెచ్చిన గుడ్డనైనా బొటనవేలు తడిపి రుద్ది చూస్తాం. గంజి దట్టించిన నాసిరకమైతే వేలికి తెల్లగా అంటుకుని, నేత ఎంత పల్చనో బయటపడుతుంది. ఇంటివాళ్లు చేతికిచ్చిన గుడ్డకు మాత్రం తడి వేలు పెట్టకూడదు, అది వాళ్ల ముఖాన ఉమ్మినంత అవమానం. నేనూ పెట్టలేదు.

ఆరు నెలలు పడుతూనే ఉన్నాను. ఎక్కిన కాసేపు తెరచాపలో గాలి నిలిచేది, రెండుసార్లు మునిగి లేచాక అది తడి దుప్పటిలా వేలాడేది. తడిస్తే ఏ గుడ్డయినా అంతే, చేతకానితనం నాదే అనుకున్నాను. కొందరికి నీళ్లు పడవులే అని మామ ఓదార్చేవాడు. ఉప్పుకు పాడవుతుందని అన్నే ప్రతి వారం దాన్ని తీసుకుపోయి, ఉతికించి, మళ్లీ పెళపెళలాడేలా తెచ్చి ఇచ్చేవాడు. ఇంత మంచి అన్న ఉండి కూడా నేర్చుకోలేని చవటనని ఏడ్చిన రోజులున్నాయి.

ఒక వారం అన్న సరుకు కోసం ఈరోడ్ వెళితే, నేనే డాబా మీద ఉతికాను. బక్కెట్టు నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఆరేసిన గుడ్డలోంచి ఎదుటి డాబా మీద ఆవిడ వడియాలు పెట్టుకోవడం కనిపించింది.

అన్న తిరిగొచ్చాక అడిగితే దాచలేదు.

"గంజిగుడ్డ ఇమ్మని నాన్నే చెప్పినాడురా. ఆడ నీకేమన్నా అయితే మేమేం కావాల? నాలుగుసార్లు పడితే నువ్వే విడిచిపెడతావులే అనుకుంటి."

అంటే నేను చెప్పిన రోజే నాన్న చెవిన వేశాడన్నమాట. వద్దని అన్న చెంప మీద కొట్టినా భరించేవాణ్ణి. నన్ను నేనే చేతకానివాడనుకునేలా చేశాడు చూడండి, అది నా గుండెను కోసేసింది.

మర్నాడే ఎదుటి కొట్టుకు వెళ్లి, వీధి వీధంతా చూస్తుండగా, తడి వేలు పెట్టి మరీ గట్టి గుడ్డ కొన్నాను. మా ఇంటి పరువు తీశానని నాన్న నెల్లాళ్లు మాట్లాడలేదు. మళ్లీ మొదటి నుంచి పడ్డాను, కానీ ఈసారి పడితే తప్పు నాదేనని తెలిసి పడ్డాను. రెండు నెలలకు ఒక ఆదివారం మామ ఇంటి ఒడ్డున ఎక్కి అవతలి ఒడ్డున దిగాను. దిగి, పాత అలవాటు కొద్దీ, చెప్పుకోవడానికి అన్న కోసం వెతికాను.

ఇప్పుడు గోడౌన్ వీధిలో తడి వేలు పెట్టేవాళ్లు లేరు, మిల్లు ముద్ర చూసి కొంటున్నారు. అన్న నాకు ప్రతి ఉగాదికీ పంచెల చాపు పంపుతాడు, మేలురకమే పంపుతాడు. పొట్లం విప్పగానే మాత్రం, ఇన్నేళ్లయినా, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని నా బొటనవేలు నాలుక మీదికి పోతుంది.