చేటెడు తవుడుకి కొన్న బిడ్డ

దేశాన్ని బాగుచెయ్యడానికి పంతొమ్మిదేళ్ళ వయసూ, రెండు నేతచీరలూ, ఒక ఫారాల కట్టా చాలనుకునే రోజులవి. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చింది. దిక్కులేని పిల్లలందర్నీ పట్నంలో ఒకేచోట కుక్కే పాత పద్ధతి మార్చి, ఎక్కడివాళ్ళకి అక్కడే ఆశ్రమాలు కట్టాలని పెద్దలు ప్రణాళిక వేస్తున్నారు. అలాంటి పిల్లలు ఎక్కడెక్కడున్నారో తేల్చమని నాబోటివాళ్ళని ఊళ్ళమీదికి వదిలారు. బెజవాడలో పుట్టి, పల్లెటూళ్ళని రైలు కిటికీలోంచి తప్ప చూడని నన్ను చోడవరం పంపారు. (ఉద్యోగం తాత్కాలికం. రిపోర్టు బాగుంటే ఖాయం చేస్తామన్నారు. కాబట్టి నా దేశసేవలో కొంత స్వార్థం కూడా ఉంది.)

మొదటి ఊళ్ళోనే నా పంట పండింది. రోలుగుంట దారిలో, చెరుకుతోటల పక్కన ఒక వాకిట్లో మూడేళ్ళ గుంటణ్ణి చంకనేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. "నీ కొడుకేనా?" అనడిగాను. ఆవిడ ఉలిక్కిపడి, ఆకాశంకేసి చూసి, ఊరంతా వినపడేలా, "నా కొడుకు కాదమ్మగోరూ! పుట్టగానే పెంటమీద పారేసేం. పక్కింటి ముసల్ది సేటడు తవుడు పోసి కొనుక్కుంది. ఈడి పేరు తవిటిగాడు" అంది. పక్కింటి ముసలమ్మ గోడమీంచి తల పెట్టి, "అవును, నానే కొన్నాను. అయితే ఏటి?" అంది. నేను వెంటనే ఫారం తీశాను. వాడు ఆవిడ మెడ కావిలించుకుని కొంగు చీకుతూనే ఉన్నాడు గానీ అది నా కంటికి ఆనలేదు. ఫారంలో దానికి గడి లేదు మరి. ఈ ప్రాంతంలో పిల్లల్ని పారేయడం, అమ్ముకోవడం యథేచ్ఛగా సాగుతున్నాయని రాసి, కింద ఎర్రసిరాతో రెండు గీతలు కొట్టి పైకి పంపాను.

పదిరోజులకి జవాబొచ్చింది. మర్నాడు పెద్దాఫీసరుగారు స్వయంగా జీపులో వస్తున్నారట, ఆ బిడ్డని ఆశ్రమానికి తీసుకుపోతారట. పొంగిపోయి నేను అద్దెకున్న ఇంటి పిన్నిగారికి చదివి వినిపించాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఓసి నీ సదువు తగలెయ్యా! ముందు పుట్టినోలు దక్కకపోతే తవుడుకి అమ్మీసి, మళ్ళీ ఆలే సాకుతారే. కన్నతల్లి నా బిడ్డ అని నోటితో అన్నాదా, సావు ఆడి కోసం మళ్ళీ వస్తాదని బయం. దానికి ముగ్గురు పోయేరు."

ఆవిడ నాది కాదంటే జీపు తీసుకుపోతుంది. నాదంటే చావు తీసుకుపోతుందని ఆవిడ నమ్మకం. మధ్యలో నా ఎర్రసిరా. తెల్లారగానే చెప్పులు చేత్తో పట్టుకుని పొలం గట్లమ్మట పరిగెత్తాను. నేను పోయేసరికే జీపు వాకిట్లో ఉంది.

"తప్పు నాదేనండీ, అది ఇక్కడి ఆచారమండీ" అని రొప్పుతూ చెప్పాను. ఆఫీసరుగారు మంచివారే, కానీ పద్ధతి మనిషి. "మీరు చెబితే సరిపోదమ్మా. ఇక్కడ కాగితం మీద అమ్ముడైన బిడ్డ అనుంది. తల్లి నోటితో చెప్పి వేలిముద్ర వెయ్యాలి" అన్నారు. అని ఆవిడవైపు తిరిగి, "ఏమ్మా, బిడ్డ నీదా కాదా?" అన్నారు.

ఆవిడ నావైపు చూసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. వాణ్ణి గుండెకి హత్తుకుని, వాడి చెవులు రెండూ మూసి, "నా బిడ్డే బాబూ" అంది, గాలికి కూడా వినపడనంత మెల్లగా. వేలిముద్ర వేసి లోపలికి పోయి తలుపేసుకుంది. జీపు వెళ్ళిపోయింది. నా ఉద్యోగం ఇంకో ఏడాది తాత్కాలికంగానే ఉండిపోయింది.

నాలుగోరోజు వాడికి జ్వరం. మూఢనమ్మకాలమీద కాలేజీలో ఉపన్యాసమిచ్చి కప్పు గెలుచుకున్న నేను, ఆ కబురు విన్నప్పట్నుంచి అన్నం ముట్టలేదు. పొద్దున్నే డాక్టరుగార్ని బతిమాలి వెంటబెట్టుకుపోయాను. ఆయన మందిచ్చి వెళ్ళాక ముసలమ్మ నన్ను పక్కకి పిలిచింది. "నా కొనుగోలు సెడిపోయింది. మళ్ళీ ఎవులో కొనాలి. నువ్వే కొను, సర్కారోల దగ్గిరికి సావు రాదు."

చేటనిండా తవుడు తెచ్చి ఆ తల్లి ముందు పోసి, ఒళ్ళు కాలిపోతున్న ఆ గుంటణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాను. మూడోరోజుకి జ్వరం జారింది. (మందువల్లే. డాక్టరుగారు పదిసార్లు చెప్పారు, నేనూ పదిసార్లు ఒప్పుకున్నాను.)

తర్వాత పిల్లల సంక్షేమం మీద చాలా ప్రణాళికలు రాశాను, మార్చాను, కొట్టేశాను. వాటిలో ఎన్ని పనికొచ్చాయో నాకు తెలీదు. పిల్లలెంతమందని ఎవరైనా అడిగితే మాత్రం ముగ్గురంటాను. మా ఆయన ఇద్దరే కదే అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను గానీ లెక్క మార్చను. ఆ తవిటిగాణ్ణి నా బిడ్డ అని పైకి అనగలిగేది నేనొక్కదాన్నే. కన్నతల్లి ఒక్కసారి అంది, అదీ నా మూలానే.