బసవన్న గెలిచిన రోజు

నా చిన్నప్పుడు, అంటే నాకు పదకొండేళ్ళు నిండిన ఏడు, నేనొక కోడెదూడను పెంచి రోడియోలో, అంటే అక్కడి పశువుల పండగలో, పోటీకి తీసుకెళ్ళి మొదటి బహుమతి తెచ్చాను. ఈ సంగతి ఎవరు ఊదారో గానీ మా మనవరాలి చెవిన పడింది. మేమిప్పుడుంటున్న ఈ ఫ్రిస్కోలో పిల్లలకి రోడియో అంటే నెత్తిన పెద్ద టోపీ పెట్టుకుని ఫోటోలు దిగడం, నూనెలో వేయించిన తీపి తినడం, అంతే. "అమ్మమ్మా, నువ్వు చాంపియన్ అంట కదా! నాకెందుకు చెప్పలేదు?" అని రెండు రోజులుగా ఒకటే గోల. అవునే, గెలిచాను అన్నాను. మిగతాది దాని మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మేముండేది టెక్సాస్‌లో పడమటి వైపు, పశువుల ఊసు తప్ప మరో ఊసు లేని చిన్న ఊళ్ళో. మా నాన్నగారు అక్కడి ఆసుపత్రికి డాక్టరుగా వచ్చారు. ఊరు మొత్తానికి మేమొక్కళ్ళమే తెలుగువాళ్ళం. నా పేరు నోరు తిరగదని మా టీచరు నన్ను వేలు చూపించి పిలిచేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా బల్ల మీద నేనొక్కదాన్నే. అయ్యో పాపం అనకండి, నేనేం తక్కువ తినలేదు. నన్ను వెక్కిరించిన పిల్ల జడలో జిగురు పూసిన ఘనత కూడా నాదే. కానీ ఒక్కరైనా వచ్చి నా పక్కన కూర్చుంటే బాగుండునని ప్రతిరోజూ అనుకునేదాన్ని.

ఆ ఊరికి పండగంటే ఏడాదికోసారి వచ్చే రోడియోనే. ఊరికి తారురోడ్డు పడకముందు నుంచీ ఉందట. మందల్ని తోలుకొచ్చిన కౌబాయ్‌లు పని అయ్యాక, పొగరుబోతు గుర్రం మీద ఎవడు ఎక్కువసేపు నిలుస్తాడో చూద్దామని పందెం వేసుకోవడంతో మొదలైందట. తర్వాత బరి చుట్టూ కంచె వచ్చింది, కంచె చుట్టూ బల్లలొచ్చాయి, ఊరేగింపు వచ్చింది, ఏటా ఒక అమ్మాయికి కిరీటం పెట్టడం వచ్చింది. కరువులోనూ ఆపలేదు, యుద్ధంలోనూ ఆపలేదని ముసలివాళ్ళు మీసం మెలేసి చెప్పేవారు. పరిగెత్తే దూడ మెడకు తాడు విసిరి, దాన్ని ఎత్తి నేలకు కొట్టి, కాళ్ళు కట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మైకులో చెప్పేవారు. జనం లేచి నిలబడి ఈలలు వేసేవారు. కట్లు విప్పాక ఆ దూడ కుంటుతూ పోతుంటే ఎవరూ చూసేవారు కాదు. మొదటి ఏడు నేను చూశాను. రెండో ఏటికి నేనూ చూడడం మానేశాను.

ఆ పండగలో పిల్లలకొక పోటీ ఉండేది. ఏడాదిపాటు దూడను పెంచి బరిలో నడిపించి చూపించాలి. ఈ మాట వినగానే మా నాన్నగారికి ప్రాణం లేచొచ్చింది. ఆయనది ఒంగోలు దగ్గర పల్లె. అక్కడ బండలాగుడు పందెంలో గెలిచిన ఎద్దుకు దండ వేసి, డప్పులు కొట్టి, ఇంటికి తీసుకొచ్చి హారతి పడతారు. ఇక్కడా అంతే అనుకున్నారు పిచ్చి మహారాజు. దూడకు విత్తులు కొట్టించారంటే అది కాడికి కట్టడానికే అన్నది ఆయన లెక్క. ఆ ఊళ్ళో కాడి అన్న వస్తువే లేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఇక్కడివాళ్ళు గొడ్డుమాంసం తింటారని తెలియక కాదు. పేరుపెట్టి, స్నానం చేయించి, దువ్వి, పసిపిల్ల చేత పెంచిన దాన్ని ఎవరు తింటారు అనుకున్నారు. కాగితాలు చదవకుండా సంతకం పెట్టారు. ఊళ్ళోవాళ్ళకి అందులో ఉన్నది పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి, కనుక ఎవరూ ప్రత్యేకించి చెప్పలేదు.

దూడను ఇచ్చింది మా పక్కింటి పెద్దాయన. పొడుగాటి మనిషి, మాటలు తక్కువ, పశువులతో తప్ప మనుషులతో మెత్తగా ఉండడం ఎరగడు. దూడకు నాన్నగారు బసవన్న అని పేరు పెట్టారు. మొదటి నెలంతా వాడు నన్ను ఈడ్చుకెళ్ళాడు. మోకాళ్ళు చెక్కుకుపోయి ఏడుస్తుంటే పెద్దాయన కంచె మీద చేతులానించి చూస్తూ ఉండేవాడే తప్ప దిగి వచ్చేవాడు కాదు. తర్వాత కిటుకు నేర్పాడు. చివర చిన్న కొక్కెం ఉన్న పొడుగాటి కర్ర ఒకటిచ్చి, దాంతో కడుపు కింద నెమ్మదిగా గోకమన్నాడు. గోకగానే బసవన్న కళ్ళు అరమూసి, మెడ చాచి, ఎక్కడివాడక్కడ నిలబడిపోయేవాడు. ఆ తర్వాత నా వెనకాల ఎక్కడికైనా వచ్చేవాడు. స్కూలు బస్సు చప్పుడు వినగానే కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చి అరిచేవాడు. ఆ ఊళ్ళో నాకోసం ఎదురుచూసిన ప్రాణి వాడొక్కడే.

పోటీ రోజు పొద్దున్న కొట్టంలో వాడి తోక దువ్వుతూ, గెలిచాక వీడి కోసం నాన్నగారు కొత్త పాక వేయిస్తున్నారని పెద్దాయనతో గొప్పలు పోయాను. ఆయన చేతిలో పని ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "గెలిచినవి ఇంటికి రావు పిల్లా," అన్నాడు. మొదటి వరసలో నిలిచిన వాటిని వేలం వేస్తారు, సాయంత్రానికి లారీ ఎక్కిస్తారు, లారీ కబేళాకు పోతుంది, ఓడినవి మాత్రం ఎవరివి వాళ్ళు తోలుకెళ్తారు. ఇదంతా వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. నేను వాడి తోక మళ్ళీ మొదటి నుంచి దువ్వడం మొదలుపెట్టాను.

"నీకు వాడు కావాలంటే దారి ఒక్కటే. బరిలో కర్ర వాడకు. వాడు కుదురుగా నిలబడకపోతే జడ్జి వెనక్కి తిరిగి చూడడు. నీ ఇష్టం. మీ నాన్నని అడగొద్దు, నన్నూ అడగొద్దు," అని వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళ పిల్లకి అలాంటి మాట చెప్పి ఎలా వెళ్ళాడో, ఆ గుండె దేంతో చేశారో నాకిప్పటికీ తెలియదు.

సరే, ఓడిపోదాం అనుకునే బరిలోకి వెళ్ళాను. దేవుడి మీద ఒట్టు, అలాగే అనుకున్నాను.

బల్లల మీద టోపీల మధ్యలో నాన్నగారు పెళ్ళినాటి కోటు వేసుకుని, అమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. మైకులో నా పేరు చదివారు. వంకరటింకరగానే చదివారు గానీ, మొత్తం పేరు చదివారు. ఆ ఊళ్ళో నా పేరు గట్టిగా వినబడడం అదే మొదటిసారి. జనం చప్పట్లు కొట్టారు. జడ్జి ఒక్కొక్క దూడ వీపు మీద, తొడ మీద చేతులు వేసి నొక్కి చూస్తూ వస్తున్నాడు. ఏం చూస్తున్నాడో ఆ బరిలో నాకు తెలుసు, మా నాన్నగారికి తెలియదు. నేను కర్ర దించేశాను. బసవన్న బెదిరాడు, వెనక కాలు పక్కకు వేశాడు, తల విసిరాడు. జడ్జి పెదవి విరిచి పక్క దూడ వైపు తిరగబోయాడు.

అప్పుడు మా క్లాసు ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. చూడండర్రా, దానికి చేతకాదు అని ఒకతె గట్టిగానే అంది. నాన్నగారు ఆదుర్దాగా లేచి నిలబడ్డారు.

నా చేయి నేను చెప్పకుండానే లేచిందని రాయాలని ఉంది. అది అబద్ధం. నేనే లేపాను. కర్ర కడుపు కింద పెట్టి నెమ్మదిగా గోకాను. బసవన్న కళ్ళు అరమూశాడు. నాలుగు కాళ్ళూ నేను పెట్టమన్నచోట పెట్టి, మెడ చాచి, బొమ్మలా నిలబడ్డాడు. జడ్జి వెనక్కి తిరిగాడు, రెండు చేతులతో నొక్కి చూశాడు, వాడి తొడ మీద ఫట్టున ఒక్క చరుపు చరిచాడు. అదే గెలుపు. జనం లేచి నిలబడ్డారు. ఎవరో నా తలమీద టోపీ పెట్టారు. ఛీ, ఇంకా దాచడమెందుకు, ఆ క్షణాన నాకు సంతోషమే కలిగింది.

వేలం దగ్గర గానీ నాన్నగారికి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన ఆఫీసు గదికి పరిగెత్తారు. ఎంతకైనా నేనే కొనుక్కుంటాను, మా పిల్ల పెంచుకున్నది, మాకొద్దు ఈ బహుమతి అని బతిమాలారు. బల్ల వెనక కూర్చున్న ఆవిడ తలెత్తకుండానే ఆయన సంతకం చూపించింది. "రూల్స్ ఆర్ రూల్స్, డాక్టర్," అంది. అంతమందికి ప్రాణం పోసిన మనిషి అక్కడ చేతులు జోడించి నిలబడ్డారు. ఇద్దరు మగవాళ్ళు అది చూసి నవ్వుకున్నారు.

లారీ దగ్గర బసవన్న మొరాయించాడు. లారీలోకి ఎక్కడానికి ఏటవాలుగా వేసిన బల్ల మీద కాలు పెట్టలేదు. ములుకర్రతో పొడిచారు, తోక మెలిపెట్టారు, ముక్కు నుంచి రక్తం కారింది. చివరికి, దీన్ని పెంచిన పిల్లని పిలవండి అన్నారు. పిలిచారు, వెళ్ళాను. నన్ను చూడగానే వాడు అరవడం ఆపాడు. నేను ముందు ఎక్కాను. వాడు నా వెనకాలే ఎక్కాడు. కడ్డీకి తాడు కట్టి, పక్క తలుపులోంచి నేను దిగిపోయాను. దిగాక వాడు అరిచిన అరుపు గురించి రాయను.

పక్కింటి పెద్దాయన అక్కడే ఉన్నాడు. నా టోపీ సరిచేసి, "ఇవాళ్టితో నువ్వు ఈ ఊరి పిల్లవైపోయావు," అన్నాడు. మెచ్చుకున్నాడో, మొహాన ఉమ్మేశాడో తెలియదు. సోమవారం మధ్యాహ్నం ముగ్గురు ఆడపిల్లలు పళ్ళేలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి, జరిగి చోటిచ్చాను.

నాన్నగారు మాత్రం తేరుకోలేదు. ఆవు కనబడినా, రోడియో మాట వినబడినా, తెలియక నీచేత పాపం చేయించానమ్మా అని కళ్ళు తుడుచుకునేవారు. అది నీ తప్పు కాదు నాన్నా, నాకు ముందే తెలుసు అని చెప్పడానికి నాకు యాభై ఏళ్ళ టైము దొరికింది. రేపు చెబుదాం, ఈ దసరాకి చెబుదాం అనుకుంటూనే గడిపేశాను. పోయిన ఏడు ప్లేనోలో ఆసుపత్రి మంచం మీద కూడా ఆయన అదే ఎత్తారు. "చిన్నపిల్లవి, నీకేం తెలుసు. తెలిసుంటే వాణ్ణి పోనిచ్చేదానివా? నన్ను క్షమించావా తల్లీ?" అన్నారు.

నోటిదాకా వచ్చింది. ఆయన నా వైపు అంత ఆశగా చూస్తుంటే మింగేశాను.

"క్షమించాను నాన్నా," అన్నాను. ఆయన ఊపిరి తేలిగ్గా వదిలి కళ్ళు మూసుకున్నారు. తెల్లారేసరికి లేరు. నేను చెప్పుకోవలసిన క్షమాపణను ఆయన చేత చెప్పించుకుని, పెద్ద మనసు చేసుకుని క్షమించి పంపినదాన్ని నేను.