జైల్లో కొడుక్కి చెప్పాల్సిన మాట

రాజమండ్రి బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ పెదవులు కదుపుతూనే ఉంది. ఒళ్లో బైబిలు కనబడితే ప్రార్థన చేసుకుంటోంది కాబోలనుకున్నాను. నిడదవోలు దాటాక నావైపు తిరిగింది.

“కాస్త వింటారామ్మా? సరిగ్గా చెప్తున్నానో లేదో చూడండి.”

అవి జైల్లో ఉన్న కొడుక్కి చెప్పాల్సిన మాటలట. యజమాని ఇంట్లో నగలు పోతే, ఆ ఇంటి కారు డ్రైవరైన ఈవిడ కొడుకుని పోలీసులు పట్టుకెళ్లారు. లాయరు లేకపోతే ప్రభుత్వమే ఉచితంగా పెడుతుంది, కావాలా అని కోర్టులో జడ్జిగారు అడిగారట. అతను చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, “వద్దండి, నేను తప్పు చేయలేదండి” అన్నాడట.

“అలా చెప్పమన్నది నేనేనండి. లాయర్ని అడిగితే తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నాం మేము. అలా కాదు, ఇప్పుడైనా అడగొచ్చని మొన్న మా పాస్టరుగారు చెప్పారు. పోయినసారి వాణ్ని చూడగానే ఏడుపొచ్చేసిందండి. ఏమీ చెప్పకుండానే టైమైపోయింది. అందుకే బట్టీ పడుతున్నాను.”

“చెప్పండి, వింటాను” అన్నాను.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుంది. నేనే తన కొడుకునన్నట్టు నా కళ్లలోకి చూసింది.

“నాన్నా...”

కొవ్వూరు వచ్చింది. గోదావరి వంతెన దాటాం. జైలు దగ్గర ఆవిడ దిగిపోయేదాకా ఆ తర్వాతి మాట రాలేదు.

మా అబ్బాయిని అలా పిలవబోయి, ఇప్పటికీ ఒక్కోసారి ఆగిపోతాను.